ఒక్క మెతుకు, పద్నాలుగు కుండలు

సీజన్ తొలివారంలో సొంత జట్టు గురించి అభిమాని చెప్పే మాటలో రెండు సంగతులు కలిసిపోయి ఉంటాయి. "ఈసారి మనోళ్లకు తిరుగులేదు" అన్న వాక్యాన్నే తీసుకుంటే, "తిరుగులేదు" అన్నది రాబోయే రోజుల మీద అంచనా, "మనోళ్లు" అన్నది హక్కు. అంచనా సంగతి రెండు నెలల్లో తేలిపోతుంది. హక్కు సంగతి ఏ పాయింట్ల పట్టికా తేల్చదు. అభిమానుల వాదులాట ఎంతకీ తెగదంటే, ఈ రెండింటినీ ఒకే తక్కెడలో వేసి తూచడం వల్లనే.

విడదీసి చూడటానికి 2025 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ ఆరంభం బాగా పనికొస్తుంది. మార్చి 23న ఉప్పల్‌లో ఆ జట్టు రాజస్థాన్ రాయల్స్ మీద 6 వికెట్లకు 286 పరుగులు చేసింది. కొత్తగా జట్టులోకి వచ్చిన ఇషాన్ కిషన్ 47 బంతుల్లో 106 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. అప్పటికి ఐపీఎల్‌లో అత్యధిక స్కోరు 287. అదీ ఇదే జట్టు 2024లో బెంగళూరులో చేసింది. రికార్డుకు ఒక్క పరుగు తక్కువతో మొదలైన సీజన్ గురించి అభిమాని నోరు ఊరుకుంటుందా?

ఈ రెండింటినీ విడదీసే ఒక సంవాదం ఊహించుకుందాం. అది జరిగే చోటు సిద్దిపేట జిల్లా మర్కూక్, కొండపోచమ్మ సాగర్ కట్ట కనబడే ఒక పొలం గట్టు. మాట్లాడేది ఇద్దరు: వయసులో ఉన్నప్పుడు ఊరి కబడ్డీ ఆడిన కాక, సన్‌రైజర్స్ ఆడితే అన్నం మరిచిపోయే అన్న కొడుకు. మనుషులు కల్పితం, అంకెలు కావు.

"నిన్న చూసినవా కాకా? 286 కొట్టినం. ఈసారి 300 పక్కా. కప్పు మనదే."

"ఒక్క మ్యాచే గద రా అయింది."

"అన్నం ఉడికిందా లేదా చూడాలంటే కుండంత తింటమా? ఒక్క మెతుకు నొక్కితే ఎర్కైతది."

కుర్రాడికి తెలియకపోవచ్చు గానీ, అతను ఎత్తుకున్నది శాస్త్రగ్రంథాల్లో స్థాలీపులాక న్యాయంగా పేరుపడ్డ వాదన. కుండలో ఒక మెతుకు ఉడికితే తక్కినవీ ఉడికినట్టే. కొంచెం చూసి మొత్తం చెప్పడానికి ఇంతకన్నా ఇంపైన ఆధారం ఇంకోటి లేదు. అయితే ఆ న్యాయం ఒక షరతు మీద నడుస్తుంది. దాన్ని పట్టుకున్నది కాక.

"ఒక్క కుండల బియ్యానికి ఒకటే ఎసరు, ఒకటే మంట. గందుకే ఒక్క మెతుకు చాలు. నీ జట్టు పద్నాలుగు కుండలు ఎక్కియ్యాలె, ఒక్కోటి ఒక్కో పొయ్యి మీద. ఉప్పల్ల ఉడికిన మెతుకు పట్టుకొని కోల్‌కత్తాల కుండ సంగతి ఎట్ల జెప్తవ్?"

తార్కికుల భాషలో దీన్ని వ్యాప్తి లేకపోవడం అంటారు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న నియమం కుదిరాకే పొగను చూసి నిప్పు ఉందని చెప్పాలి. తొలి మ్యాచ్ గెలుపుకూ కప్పుకూ అలాంటి లంకె ఏదీ లేదు. హైదరాబాద్ పేరు పెట్టుకున్న పాత జట్టే అందుకు సాక్ష్యం. డెక్కన్ ఛార్జర్స్ 2008లో పద్నాలుగు మ్యాచ్‌లకు రెండే గెలిచి అట్టడుగున నిలిచింది, 2009లో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో కప్పు కొట్టింది. మొదటి ఏడాది కుండ చూసి రెండో ఏడాది కుండ సంగతి చెప్పినవాళ్లు కూడా తప్పారు.

కాక అక్కడితో ఆగలేదు. మిరుగం (మృగశిర కార్తె) నాడు వాన పడిందని పత్తి గింజలు పెట్టి, ఆ తరవాత ఇరవై రోజులు మబ్బు జాడ లేక మళ్లీ గింజలు కొన్నవాళ్లను గుర్తు చేశాడు. మెట్ట సేద్యం తెలిసినవాడికి తొలివాన మీద నమ్మకం ఎంత ఖరీదైనదో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ కుర్రాడు ఒక అడుగు వెనక్కి వేశాడు, ఆ అడుగే అతని వాదనను గట్టి చేసింది. "గెలుస్తరని కాదు కాకా, ఆట తీరు చెప్తున్న. మొదటి బాల్ నుంచి దంచుడే. పోయినేడు కూడ గదే ఆట." ఇప్పుడు అతని చేతిలో ఉన్నది ఒక్క మెతుకు కాదు, 2024 సీజన్ మొత్తం. ఆ ఏడాది మార్చిలో ముంబై మీద 277, ఏప్రిల్‌లో బెంగళూరు మీద 287. అభిమాని మాటను కొట్టిపారేసేవాళ్లు తరచూ మరిచేది ఇదే: ఒక్క మ్యాచ్ చూసి అన్నట్టు కనబడే మాట వెనక చాలాసార్లు ఏడాది జ్ఞాపకం ఉంటుంది. ఫలితం మారినంత సులువుగా తీరు మారదు కాబట్టి, తీరు మీద చెప్పిన మాటకు విలువ ఎక్కువ.

కానీ అదే తీరు 2024 మే 26న చెన్నైలో ఫైనల్‌కు కూడా వెళ్లింది. కోల్‌కతా బౌలింగ్ ముందు జట్టు 113కే ఆలౌట్ అయింది. 287 తెచ్చిన బ్యాటే 113 కూడా తెచ్చింది. తీరు తెలిసినవాడికి జట్టు ఎలా ఆడుతుందో తెలుస్తుంది, ఎంత కొడుతుందో తెలియదు. కుర్రాడి మాటలో నిలబడేది "దంచుతరు" అన్నంత వరకే. "300 పక్కా" అన్నది ఉత్సాహం.

తరవాతి రెండు వారాలు ఆ ఉత్సాహాన్ని కరిగించాయి. మార్చి 27న ఉప్పల్‌లోనే లక్నో చేతిలో ఓటమి. తొలి మ్యాచ్‌లో సెంచరీ చేసిన ఇషాన్ ఆ రోజు మొదటి బంతికే వెనుదిరిగాడు. మార్చి 30 ఉగాది. ఊరూరా పంచాంగం చదివి ఎవరికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని లెక్క చెప్పే రోజు. ఆ మధ్యాహ్నం విశాఖలో ఢిల్లీ ఏడు వికెట్లతో గెలిచింది. ఏప్రిల్ 3న కోల్‌కతాలో 80 పరుగుల తేడాతో ఓటమి, 6న ఉప్పల్‌లో గుజరాత్ చేతిలో మరోటి. వరుసగా నాలుగు.

ఆ మర్నాడు గట్టు మీద కుర్రాడు ముఖం వేలాడేసుకొని అన్నాడు: "మళ్ల ఓడిపోయిన్రు కాకా."

"ఎవరు?"

"సన్‌రైజర్స్ వాళ్లు."

"పొయిన పక్షం 'కొట్టినం' అన్నవ్. ఇయ్యాల 'ఓడిపోయిన్రు' అంటున్నవ్. గెలుపుల నువ్వున్నవ్, ఓటమిల వాళ్లే ఉన్నరా?"

ఈ సంవాదంలో అసలు పదునైన ప్రశ్న ఇదే. తెలుగులో దాపరికం కుదరదు, క్రియ చివర ఉన్న చిన్న ముక్కే మనిషి ఎక్కడ నిలబడ్డాడో చెప్పేస్తుంది. ఇది మర్కూక్‌కే పరిమితమైన బుద్ధి కాదు. అమెరికాలో రాబర్ట్ చాల్డీని, ఆయన సహచరులు 1976లో ప్రచురించిన అధ్యయనం ఇదే చూపింది. సొంత విశ్వవిద్యాలయం జట్టు గెలిచిన వారం విద్యార్థులు ఆ పేరున్న బట్టలు ఎక్కువగా తొడిగారు. గెలుపు గురించి చెప్పేటప్పుడు "మనం" అన్నారు, ఓటమి దగ్గరికి వచ్చేసరికి "వాళ్లు" అన్నారు.

కాక ఇంకో దెబ్బ వేశాడు. ఏప్రిల్ 6న సన్‌రైజర్స్‌ను కూల్చింది ఎవరు? 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీసిన మహమ్మద్ సిరాజ్. హైదరాబాద్ గల్లీల్లో ఆట నేర్చినవాడు. హైదరాబాద్ పిల్లగాడు తిలక్ వర్మ ఆడేది ముంబైకి. ఇటు జట్టుకు అప్పటి కెప్టెన్ కమిన్స్ ఆస్ట్రేలియావాడు, యజమాని చెన్నైలో ఉన్న సన్ టీవీ. విశాఖ నితీశ్ కుమార్ రెడ్డిని పక్కన పెడితే తెలుగు పేరు వెతుక్కోవాలి. "మరి మనోడు ఎవడు? మన ఊరిపేరు మీద ఆడెటోడా, మన గల్లీల పుట్టినోడా?"

ఒకప్పుడు ఈ ప్రశ్న పుట్టేది కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు, దానికి తర్ఫీదిచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్, ఊరు, పేరు అన్నీ ఒక్కచోటివే. వేలంపాట వచ్చాక పేరు ఒకచోట, మనిషి ఒకచోట అయ్యాయి. కొన్నిసార్లు పేరు కూడా నిలవదు. 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది.

కుర్రాడి జవాబు కట్ట వైపు చెయ్యి చూపిస్తూ వచ్చింది. "గా సాగర్‌ల నీళ్లు మర్కూక్‌ల పుట్టినయా? గోదారికెల్లి మోటర్లతోని ఎత్తి పోసిన్రు. మరి 'మన సాగర్' అంటలేవా?"

మంచి దెబ్బ. 15 టీఎంసీల ఆ జలాశయం 2020 మే 29న ప్రారంభమైంది, అందులో నీరు మర్కూక్ పంపుహౌస్ ఎత్తిపోసిందే. ఎక్కడ పుట్టిందన్నదాన్ని బట్టే సొంతం తేలేటట్టయితే ఆ నీటిని ఎవరూ మనది అనలేరు.

కాక తొణకలేదు. "దానికి మనం ఇచ్చినం రా. బైలంపూర్, మామిడ్యాల మునిగినయ్. భూములు పోయినయ్. గందుకే మన సాగర్. నీ జట్టుకు నువ్వేమిచ్చినవ్?"

కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత నిమ్మళంగా అడిగాడు: "మరి తెలుగు టైటాన్స్‌కు నువ్వేమిచ్చినవ్ కాకా?"

కాక ఇరుకున పడ్డాడు. ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్ 2022 సీజన్‌లో 22 మ్యాచ్‌లకు రెండే గెలిచింది. మరుసటి సీజన్‌కు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలు దాటించి కొన్నప్పుడు "ఇగ చూస్కో, మనకు ఎదురులేదు" అని ఊరంతా చెప్పుకు తిరిగింది ఈ కాకే. ఆ సీజన్‌లోనూ 22కు రెండే గెలుపులు. మెతుకు సంగతి, మిరుగం సంగతి తెలిసిన మనిషే ఆ మాట అన్నాడు. ఒక తేడా మాత్రం ఉంది. ఆ రెండు సీజన్లూ ప్రతి ఓటమికీ కాక "ఓడినం" అనే అన్నాడు.

కాబట్టి ఇద్దరి వాదనల్లో చెరి సగం మిగులుతుంది. అంచనా విషయంలో కాకదే పైచేయి, ఒక్క మ్యాచ్ పద్నాలుగింటికి పూచీ పడదు. సొంతం విషయంలో కుర్రాడు సాగర్‌తో చెప్పింది సరైందే, అయితే దానికి కాక పెట్టిన షరతుతో కలిపితేనే. ఏదో ఒకటి ఇచ్చుకున్నవాడికే "మన" అనే హక్కు. అభిమాని దగ్గర ఇవ్వడానికి భూములుండవు. సీజన్ మొదట్లో పదిమందిలో అని, ఆ తరవాత నగుబాటైనా వదులుకోని మాటే అతను ఇచ్చేది. "ఓడిపోయిన్రు" అన్న రోజున కుర్రాడు దాన్ని వాపసు తీసుకున్నాడు.

ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ 245 కొడితే, అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 చేశాడు, సన్‌రైజర్స్ తొమ్మిది బంతులు ఉండగానే మ్యాచ్ ముగించింది. మర్నాడు కుర్రాడి మొదటి మాట "గెలిచినం". ఈసారి కాక ఏమీ అనలేదు. మే 25న ఢిల్లీలో కోల్‌కతా మీద 3 వికెట్లకు 278 కొట్టి, 110 పరుగులతో గెలిచి సన్‌రైజర్స్ సీజన్ ముగించింది. పద్నాలుగు మ్యాచ్‌ల్లో ఆరు గెలుపులు, ఏడు ఓటములు, ఒకటి వానపాలు. పది జట్లలో ఆరో స్థానం.