బండ సందులో దాగిన చేప



ధ్యాన భాగములు: న్యాయాధిపతులు 1:28, నిర్గమకాండము 23:29-30

న్యాయాధిపతుల గ్రంథము మొదటి అధ్యాయములో ఒక సంగతి మాటిమాటికీ కనబడుతుంది. ఫలానా గోత్రము వారు తమ భాగములో ఉన్న కనానీయులను పంపివేయలేదు. ఇనుప రథాలు చూసి భయపడ్డారేమో, చేతకాలేదేమో అనుకుంటాము. కానీ 28వ వచనము దగ్గరికి వచ్చేసరికి ఆ సాకు నిలబడదు. ఇశ్రాయేలీయులు బలపడ్డాక కూడా వారిని ఉంచుకున్నారు, వారితో ఊరికే పని చేయించుకున్నారు. బలము లేక కాదు, లాభము ఉంది గనుక ఉండనిచ్చారు. రెండవ అధ్యాయానికి వచ్చేసరికి ఆ లాభమే వారి ప్రక్కలో ముల్లయింది.

ఇది మన ఇళ్లలో ఎలా జరుగుతుందో తెలియడానికి ఒక చిన్న పోలిక. ఇక్కడ అమెరికాలో మన ఫెలోషిప్‌కు వచ్చే ఒక అన్నయ్య ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఉంది. కొత్త తొట్టిలో నీళ్లు పోయగానే ఏ చేపనైనా వదలలేము. చేపల వ్యర్థము నుండి పుట్టే అమ్మోనియా విషము. దానిని మార్చివేసే బ్యాక్టీరియా తొట్టిలో పెరగడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ గడ్డు వారాల్లో కొందరు డామ్సెల్ అనే చిన్న చేపను వేస్తారు. చూపుడువేలంత కూడా ఉండదు, ధర తక్కువ, మొండి ప్రాణము. మిగతావి చచ్చిపోయే నీళ్లలో అది బ్రతుకుతుంది.

కొన్నాళ్లకు నీళ్లు కుదురుకుంటాయి, ఖరీదైన మెత్తని చేపలు వస్తాయి. అప్పటికి డామ్సెల్ తొట్టి అంతా తనదే అనుకుంటుంది. కొత్తగా వచ్చినవాటిని తరుముతుంది, రెక్కలు కొరుకుతుంది, మేతకు రానివ్వదు. అవి ఒక మూలకు చేరి చిక్కిపోతాయి. సముద్రములోనైతే తరిమితే దూరంగా పోతాయి. తొట్టిలో ఎక్కడికి పోతాయి?

చేప తన స్వభావము ప్రకారము చేసింది, దాని తప్పు లేదు. మనము అలా చెప్పుకోలేము.

మొదటి సంగతి: పనికొచ్చింది గనుక ఉంచుకున్నాము

మనలో చాలామంది రెండు సూట్‌కేసులతో ఈ దేశానికి వచ్చినవాళ్లము. ప్రాజెక్టు పోతే వీసా పోతుందన్న భయము, ఊళ్లో తీర్చవలసిన అప్పు. ఆ రోజుల్లో ఒక గట్టితనము మనలో పుట్టింది. ఎవరి మాటా వినకపోవడము, ప్రతి డాలరూ లెక్కపెట్టడము, ఏడుపు వస్తే కోపముగా మార్చుకోవడము. దానివల్లే నిలబడ్డామని అనిపించింది. తర్వాత పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఇల్లు కొన్నాము. నీళ్లు మారాయి గాని ఆ గట్టితనము పోలేదు. ఇప్పుడది ఇంట్లోవాళ్ల మీద తిరుగుతోంది.

డిపెండెంట్ వీసా మీద వచ్చిన ఒక చెల్లెమ్మ సంగతి ఆలోచించండి. ఉద్యోగము చేసే అనుమతి లేదు, కారు నడపడము ఇంకా రాలేదు, అమ్మకు ఫోన్ చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి. సాయంత్రము గరాజ్ తలుపు చప్పుడు వినగానే పిల్లలను పైగదిలోకి పంపించేస్తుంది. ఆదివారము ఆరాధనలో మనము చేతులెత్తి పాడుతుంటే ఆమె కూడా పాడుతుంది. ఎవరికీ తెలియదు. కొలొస్సయులకు 3:19లో పౌలు భర్తలకు కఠినత్వము గురించి చెప్పిన మాట చిన్నదే. తొట్టిలో ఉన్నవారికి మాత్రము అది జీవన్మరణ విషయము.

రెండవ సంగతి: వెంటబడితే దొరకదు

డామ్సెల్‌ను తీసేద్దామని చాలామంది ముందుగా వల పట్టుకుంటారు. వల నీళ్లలో పడగానే అది బండ సందులోకి దూరుతుంది. తరిమేకొద్దీ పగడాలు విరుగుతాయి, మిగతా చేపలు బెదిరిపోతాయి, అది మాత్రము దొరకదు. కోపము గురించి మన తీర్మానాలు కూడా ఇలాగే ఉంటాయి. ఉజ్జీవ కూటములో ఏడ్చి, ఇక ఎప్పుడూ అరవనని ఒట్టు పెట్టుకుంటాము. మంగళవారానికి మళ్లీ మామూలే.

తెలిసినవాళ్లు ఏమి చేస్తారు? ముందు చూస్తారు. లైట్లు ఆపాక అది ఏ సందులో పడుకుంటుంది? మేతకు ఎటునుంచి వస్తుంది? తర్వాత అద్దములాంటి ప్లాస్టిక్ పెట్టెను తలుపు తెరిచి తొట్టిలో పెడతారు, తలుపుకు దారము కడతారు. మేత అందులోనే వేస్తారు. కొన్ని రోజులు తలుపు ముట్టుకోరు. అది వచ్చి తిని పోవడము అలవాటయ్యాక, ఒకరోజు దారము వదులుతారు.

దావీదు 139వ కీర్తన చివరలో తనను పరిశోధించమని దేవుణ్ణే అడిగాడు. మనకు లాగ్‌లు చదివే అలవాటు ఉంది గదా! బగ్ ఎప్పుడు వస్తుందో తెలిస్తే సగము పని అయినట్టే. మీ కోపము ఏ గంటకు వస్తుంది? రాత్రి ఇండియా టీమ్‌తో కాల్ అయ్యాకనా? క్రెడిట్ కార్డు బిల్లు చూశాకనా? బావమరిది కొన్న ఇంటి ఫొటో చూశాకనా? దానికి మేత ఎక్కడ దొరుకుతోంది? శరీరేచ్ఛలకు వసతి చూడవద్దని రోమా 13:14 చెప్పేది ఇదే.

ఇంకో మాట. ఒక వలతో దొరకని చేప రెండు వలల మధ్య దొరుకుతుంది. మొదటి వలను చూసి వెనక్కి తగ్గి రెండోదానిలో పడుతుంది. యాకోబు 5:16 ప్రకారము మన పాపమును మరొక విశ్వాసి ముందు పేరు పెట్టి ఒప్పుకోవడము ఆ రెండో వల. ‘నా కోసము ప్రార్థించండి’ అంటే చాలదు. ‘అన్నయ్యా, నేను ఇంట్లో ఇలా మాట్లాడుతున్నాను, ప్రతి శుక్రవారము నన్ను అడుగు’ అనాలి.

నిర్గమకాండములో దేవుడు శత్రువులను ఒక్క ఏడాదిలో కాక క్రమక్రమముగా తొలగిస్తానన్నాడు. నెమ్మదిగా తీయడము వేరు, ఉండనివ్వడము వేరు. దేవుడు మొదటిది చేస్తానన్నాడు, ఇశ్రాయేలు రెండవది చేసింది.

అయితే ఇంట్లో చెయ్యి లేచే పరిస్థితి ఉంటే ఈ నెమ్మది ఆ చెల్లెమ్మకు చెప్పే సలహా కాదు. అమ్మా, ఓర్చుకోవడమే భక్తి అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ప్రాణభయము ఉంటే 911కు ఫోన్ చేయండి. గృహహింస సహాయానికి అమెరికా అంతటా పనిచేసే నంబరు 1-800-799-7233. సంఘ పెద్దలారా, ఆమె మన తలుపు తట్టినప్పుడు ముందు ఆమె క్షేమము చూద్దాము, రాజీ మాట తర్వాత.

మూడవ సంగతి: తీసిన తర్వాత

పట్టిన చేపను సముద్రములో వదలకూడదు. హిందూ, పసిఫిక్ మహాసముద్రాలకు చెందిన లయన్‌ఫిష్ 1985లో ఫ్లోరిడా తీరములో కనబడింది. అక్వేరియంలలో పెంచినవాటిని వదిలివేయడమే అందుకు కారణమని శాస్త్రవేత్తల అభిప్రాయము. నేడు అది కరీబియన్ అంతటా అక్కడి చేపలను తినివేస్తోంది. ఇంట్లో అణుచుకున్న కోపాన్ని ఆఫీసులో జూనియర్ మీదో, ఫోన్‌లో అమ్మానాన్నల మీదో వదిలితే అది మారుమనస్సు కాదు, చోటు మార్చడమే.

మత్తయి 12లో యేసు ప్రభువు ఊడ్చి అలంకరించి ఖాళీగా ఉంచిన ఇంటి గురించి హెచ్చరించాడు. ఆ చోటును ఆత్మ ఫలముతో నింపుకోవాలి. జక్కయ్య మాటతో ఆగలేదు, నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

చివరిగా, డామ్సెల్ పోయిన వెంటనే దాక్కున్న చేపలు బయటికి రావు. కొన్ని రోజులు సందులోనే ఉండి చూస్తాయి. మీరు మారిన మొదటి వారములోనే భార్య నవ్వలేదని, పిల్లలు ఒళ్లో వాలలేదని నొచ్చుకోవద్దు. ‘మారాను గదా, ఇంకా నమ్మవేమిటి?’ అని గద్దించడము ఆ పాత చేపే. వారికి సమయము ఇవ్వండి. ప్రభువు మనకు ఎన్ని సంవత్సరాలు ఇచ్చాడు!

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మాకు లాభమని మేము దాచుకున్నదానిని నీ వెలుగులోకి తెచ్చుము. మా ఇళ్లలో భయముతో మౌనముగా ఉన్నవారి మొర ఆలకించుము. మా నోటికి సాత్వికమును, మా పిల్లలకు నెమ్మదిగల సాయంత్రములను దయచేయుమని యేసయ్య నామములో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.