బీమాకు హద్దు, బాధ్యతకు హద్దు

చింతలపూడి మెట్టలో పామాయిల్ తోట కౌలుకు చేయు ఒక రైతునకును, బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్న ఒక పెద్దకును నడుమ సాగిన సంవాదమిది.

రైతు: మాస్టారూ, మాకు ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నది, ఆపరేషనుకు ఆసుపత్రివారు రూపాయి అడుగలేదు. అయినను ఇల్లు చేరునప్పటికి వడ్డీకి తెచ్చిన అప్పు మిగిలినది. ఏమి చోద్యమండి?

మాస్టారు: కార్డూ నిజమే, అప్పూ నిజమే, నాయనా. 2007లో కుటుంబమునకు ఏటా 2 లక్షల రూపాయల పరిమితితో ఆరంభమైన ఆ పథకము, 2020 జనవరిలో మన ఏలూరునందే, బిల్లు వెయ్యి దాటిన చాలునను నియమముతో 2,059 చికిత్సలకు ప్రయోగాత్మకముగా విస్తరింపబడి, 2023 డిసెంబరులో 25 లక్షల పరిమితి నందుకొన్నది. గుండెజబ్బు వచ్చిన యింట పొలము అమ్ముకొను దుర్గతిని తప్పించిన ఆ మేలును మరచుట కృతఘ్నత.

రైతు: అన్ని లక్షలలో నా అప్పుకు చోటు లేదా అండి?

మాస్టారు: పందిరి ఎంత ఎత్తున వేసినను ప్రక్కజల్లు ఆగదు. పట్టికలో పేరున్న చికిత్సకు, జాబితాలోని ఆసుపత్రికి, నిర్ణయించిన ప్యాకేజీ మేరకు బీమా చెల్లించును. విజయవాడకు తోడువచ్చినవారి దారిఖర్చు, వారి తిండి, నెలనెలా మింగు మాత్రలు, గెలలు కోయు దినములలో పోయిన రాబడి ఆ పట్టిక కెక్కవు. నిన్ను ముంచినవి అవియే.

రైతు: అన్నియు సర్కారే ఇయ్యవలెనా? ఖజానాకు అంతు లేదా?

మాస్టారు: కలదు. ఒకరి చికిత్సకు వ్యయమైన రూపాయి మరియొకరికి అందదు గనుక హద్దు తప్పదు. కాని హద్దు దాటిన భారము ఎవరిపై పడుననునదే ధర్మప్రశ్న. నెలజీతపు ఉద్యోగికి రోగము వచ్చినచో సెలవు దొరకును. కూలివానికి రోగము వచ్చినచో కూలియే పోవును. ఈ తారతమ్యమును గుర్తించియే కదా, 2019 డిసెంబరులో శస్త్రచికిత్సానంతర విశ్రాంతికి దినమునకు 225 రూపాయల వంతున, నెలకు 5,000 మించకుండ, ఆసరా యను పేర ఇయ్యనారంభించిరి! సొమ్ము స్వల్పమే, అయినను రోగము దేహముతోపాటు జీవనమును గూడ పడవేయునని రాజ్యము ఒప్పుకొన్నది.

రైతు: ఇక కావలసినదేమండి?

మాస్టారు: మండలపు ఆరోగ్యకేంద్రములో బీపీ, షుగరు మందు ఎన్నడును నిండుకొనకుండుట, దగ్గరి ఆసుపత్రిలోనే పరీక్షలు జరుగుట. రోగి అప్పు లేక మరల పొలమునకు పోగలిగెనా యను దానిచేతనే పథకమును కొలువవలెను.

రైతు: ఖర్చెక్కువ గదండీ!

మాస్టారు: ఎక్కువే. రోగము ఎవరి యింటికి ఎన్నడు వచ్చునో ఎరుగనివారము గనుక, ఆరోగ్యముగా నున్ననాడు పన్ను కట్టి, మంచము పట్టినవానిని అందరము కలిసి మోయుచున్నాము. నీకు రావలసినది దయాధర్మము గాదు. మనమందరము ఒకరికొకరము చేసికొన్న ఒడంబడికలో నీ వంతు.