పేరు పడితే ధర పడిపోతుందా?

మొన్న మార్చిలో అరిజోనాలోని మా చెల్లెలింట్లో ఉండగా, ఓ రాత్రి భోజనాల బల్ల మీద పసిపిల్లల పౌడరు డబ్బా కనిపించింది. ఆ ఇంట్లో పసిపిల్లలెవరూ లేరు. ఉన్నవాడల్లా పదమూడేళ్ళ మా చెల్లెలి కొడుకు. వాడు బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ ఉన్న కార్డుకి చిటికెడు పౌడరు అద్ది, మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. దేవుడి పటాన్ని కూడా ఎవరూ అంత భక్తిగా తుడవరు.

"ఇదేం పూజరా?" అన్నాను.

"పూజ కాదు పెద్దమ్మా. కార్డు మరీ నున్నగా ఉంటే సిరా అంటుకోదు, చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. పైనున్న జిడ్డూ మెరుపూ కాస్త పోగొట్టాలి" అన్నాడు.

ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడి పెద్ద బేస్‌బాల్ జట్లలో సగం, అంటే 15, సాధన కోసం అరిజోనాకి వస్తాయి. మిగతా సగం ఫ్లోరిడాకి వెళతాయి. అవి చిన్న మైదానాలు కావడంతో ఆటగాళ్ళు కంచె దాకా వచ్చి పిల్లలకి సంతకాలు పెడుతూంటారు. దానికి మావాడి ఏర్పాట్లు చూస్తే నా పెళ్ళికి మా అమ్మ కూడా అంత హైరానా పడలేదనిపించింది. లేతరంగు కార్డుకి నీలం మార్కరు, ముదురురంగు దానికి వెండిరంగు కలం. ముందుగా చిత్తుకాగితం మీద గీసి చూడాలి. ప్లాస్టిక్ తొడుగులోంచి కార్డు తీసి సిద్ధంగా పట్టుకోవాలి, ఎందుకంటే ఆటగాడు ఆగేది అర నిమిషం. సంతకం ఆరేదాకా మళ్ళీ తొడుగులో పెట్టకూడదు, అలుక్కుపోతుంది.

మర్నాడు నేనూ వెళ్ళాను. ఓ ఆటగాడు మావాడి దగ్గర ఆగి, కార్డు అందుకుని, "నీ పేరేమిటి?" అని ఆప్యాయంగా అడిగాడు. వీడు "పేరొద్దు, సంతకం చాలు" అనేశాడు. అతని ముఖంలో నవ్వు కాస్త తగ్గింది. గబగబా ఓ గీత గీసిచ్చి పక్కపిల్లాడి దగ్గరికి వెళ్ళిపోయాడు.

"పేరెందుకు వద్దన్నావురా?" అని కారులో అడిగాను.

"పేరు పడితే ధర పడిపోతుంది పెద్దమ్మా. ఇంకొకళ్ళ పేరున్న కార్డు ఎవరు కొంటారు?"

వాడి లెక్క తప్పు కాదు. సంతకమైనా లేని 1952 నాటి మికీ మాంటిల్ కార్డొకటి 2022లో కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. కొందరు ఆటగాళ్ళు పేరడిగి మరీ రాసేదీ అందుకే. పేరుంటే అమ్ముకోవడం కష్టం కదా! అలాగని సంతకానికి వెల కట్టడం పాపమని నేననలేను. గాంధీగారంతటి వారు సంతకానికి అయిదు రూపాయలు పుచ్చుకుని హరిజన నిధికి జమ వేసేవారు.

కానీ నాకెందుకో మా అమ్మ స్టీలు సామాను గుర్తొచ్చింది. ఆ రోజుల్లో పెళ్ళికి గిన్నె ఇస్తే పేరు కొట్టించి ఇచ్చేవారు. పేరు లేని బహుమతి ఏమయ్యేదో మనకి తెలియందా? అట్టపెట్టె విప్పకుండానే మరో పెళ్ళికి బయల్దేరేది. నాలుగిళ్ళు తిరిగి, మొదట ఇచ్చినావిడ ఇంటికే చేరిన గిన్నెలూ లేకపోలేదు. పేరున్న గిన్నె మాత్రం ఎక్కడికీ పోలేదు. అమ్మ పోయాక సామాను పంచుకుంటూ, మా మేనత్త పేరు కొట్టించిన సొట్టగిన్నె నాకంటే నాకని నేనూ చెల్లెలూ పోట్లాడుకున్నాం. పాతసామాన్లవాడికి వేస్తే దానికొచ్చేది కాఫీ ఖర్చు!

పేరు రాయించుకోవడమంటే, ఇది నేను అమ్ముకోను అని ముందే ఒప్పేసుకోవడం. దాంతో ఊరందరి దృష్టిలో దాని ధర తగ్గుతుంది, నిజమే. దాచుకున్నవాళ్ళకి మాత్రం ఏటేటా పెరుగుతుంది.

ఇదంతా వాడికి చెప్పాను. నవలలు రాసేవాళ్ళకి ఉపన్యాసాలిచ్చే జబ్బుంటుంది లెండి. వాడు బుద్ధిగా విని, కాసేపాగి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ధర ఒక్కటే కాదు పెద్దమ్మా. నా పేరు వాళ్ళకి రాయడం రాదు. ఒక్కో అక్షరం చెప్పేలోపల వెనకున్నవాళ్ళు విసుక్కుంటారు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. వాడి లెక్కల వెనక దాక్కున్నది ఆశ కాదు, బిడియం. ఆలోచిస్తే మనమూ అంతేనేమో. "ఎందుకులెండి, మీకు శ్రమ" అంటూ మనసు కోరుకున్నదాన్ని వద్దనేసి, తర్వాత దానికి సవాలక్ష కారణాలు వెతుక్కున్న సందర్భాలు మీకు మాత్రం లేవూ?

ఆ శనివారం పౌడరు డబ్బా మళ్ళీ బల్ల మీదికొచ్చింది. వాడు కార్డు తుడిచాడు. మార్కరు గీసి చూసుకున్నాడు. ఆ తర్వాత, జిగురంచున్న చిన్న పసుపుచీటీ తీసి, దాని మీద తన పేరంతా పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, కార్డు పైఅంచున అంటించాడు.

"అక్షరాలు స్పష్టంగా ఉన్నాయా, చూడు పెద్దమ్మా" అన్నాడు.

కళ్ళజోడు పెట్టుకుని ఒకటికి రెండుసార్లు చదివాను. ఎంత చక్కటి పేరు!