కళ్లద్దాల లోకంలో ఖబరస్తాన్

మా పోచారం ఒకప్పుడు గ్రామ పంచాయతీ. 2018లో మునిసిపాలిటీ అయింది. 2025లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. ఊరు పెద్దదైన కొద్దీ పాలన కుర్చీ మాకు దూరం జరుగుతూ వచ్చింది.

ఆ దూరాన్ని వర్చువల్ రియాలిటీ చెరిపేస్తుందంటున్నారు. కళ్లకు యంత్రం తగిలించుకుంటే ఇంకా వెయ్యని రోడ్డు మీద నడవొచ్చు, కట్టని పార్కు చూడొచ్చు, నచ్చకపోతే చెప్పొచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2022 ఏప్రిల్‌లో తన అంతరిక్ష సాంకేతిక విధానాన్ని మెటావర్స్‌లోనే విడుదల చేసింది. దక్షిణ కొరియాలో సియోల్ నగరం పౌరసేవల కోసం 2023లో అలాంటి లోకం తెరిచి, 2024లో మూసేసింది.

మేము ఈ యంత్రాన్ని వెక్కిరించం. మా నానీమాకు లేఅవుట్ కాగితం చదవడం రాదు. ఆ గీతలన్నీ ఆమెకు ఒకటే. అదే రాబోయే వీధిలో నడిపించి చూపిస్తే వెంటనే అడుగుతుంది: "ఖబరస్తాన్ ఏది బేటా? జనాజా ఏ దారిన పోవాలె?" గీసే చేతికి మా చావులు గుర్తుండవు. యంత్రమేమో గీసినవాడు పెట్టిందే చూపిస్తుంది. లేనిదాన్ని లేదని చెప్పడానికి మనిషే కావాలి.

ఇక్కడే మాకొక ధర్మసందేహం. ఆ లోకంలో పేరూ ముఖమూ మార్చుకోవచ్చు. టోపీ, గడ్డం, బురఖా కనబడవు. పేరు చెప్పగానే అద్దె ఇళ్ల తలుపులు మూసుకోవడం చూసిన మాకు ఆ ముసుగు హాయిగానే ఉంటుంది. కానీ పేరు తీసేస్తేనే మాట వింటామనడం సమానత్వమా? అయినా ఖబరస్తాన్ అడిగినవాడి పేరు ఏ ముసుగులో దాగుతుంది?

మరోవైపు 2020 జనవరి మునిసిపల్ ఎన్నికల్లో మా జిల్లాలోని కొంపల్లిలోనే ఓటర్ల ముఖాలను యంత్రంతో పోల్చి చూసే ప్రయోగం జరిగింది. ఓటేయాలంటే ముఖం రుజువు చేసుకోవాలి, మాట్లాడాలంటే ముఖం దాచుకోవాలి! ఈ రెండు యంత్రాల నడుమ మా అసలు ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

2019లో వచ్చిన తెలంగాణ పురపాలక చట్టం ప్రతి వార్డులో యువతకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖ పౌరులకు కమిటీలుండాలంది. అలాంటి ఒక కుర్చీలో మా నానీమాను కూర్చోబెట్టండి, ఆమె పేరుతోనే, ఆమె బురఖాతోనే. ఆమె అడిగింది రాసుకోండి. ఎందుకు ఇవ్వలేదో మళ్లీ ఆమెకే జవాబు చెప్పండి. ఆ తర్వాత కళ్లద్దాలు తెచ్చినా మాకు అభ్యంతరం లేదు.