సేవను తూచు తక్కెడ ఏది?

వృద్ధుడైన తండ్రిని ఆశ్రమమున చేర్చిన కుమారుడు నెల తిరిగిన పిమ్మట చూడవచ్చును. "ఎట్లున్నది నాన్నా?" అని అడుగును. "బాగానే ఉన్నదిరా, నీవు బెంగపడకు" అని తండ్రి చెప్పును. కుమారుడు ఊరటతో మరలిపోవును. ఆ 'బాగానే' అను మాటకు విలువ ఎంత?

విజయవాడ, గుంటూరుల నడుమనున్న మంగళగిరి నేతకు పేరుగన్న ఊరు. గుంత మగ్గమున కూర్చుండి ఏండ్ల తరబడి నేసినవారికి ముసలితనమున మోకాళ్లు, కన్నులు మొరాయించుట వింత కాదు. బిడ్డలు హైదరాబాదునకో బెంగుళూరునకో వెడలిపోగా, దంపతులలో ఒకరు గతించినచో మిగిలినవారికి దిక్కెవరను ప్రశ్న తప్పదు. ఇట్టి ఊళ్లకు ఇరువదిమందికో ముప్పదిమందికో నీడనిచ్చు చిన్న ఆశ్రమములు నేడు అవసరమైనవి. కొన్నింటికి మఠముల అండ, కొన్నింటికి దాతల ధర్మము, కొన్నింటికి నెలనెల రుసుము ఆధారము.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము పిల్లలపై పోషణభారము నుంచినది. దిక్కులేని వృద్ధులకై జిల్లాకొకటికి తక్కువ కాకుండ, కనీసము 150 మందికి చోటుండునట్లు రాష్ట్ర ప్రభుత్వములు ఆశ్రమములను స్థాపింపవచ్చునని చెప్పినది. చిన్న ఆశ్రమము సంగతి వేరు. అందు వంటచేయు అమ్మకు ఎవరికి ఉప్పు పడదో, ఎవరికి పళ్లు లేవో తెలియును. అది దాని మేలు. కీడును అందే కలదు. నలుగురి కన్ను అక్కడ పడదు. ఆయమ్మ కసురుకొన్నచో వినువాడు పక్క మంచమువాడొక్కడే. అతడును ఆమె చేతి నీళ్లే త్రాగవలెను. కనుక తండ్రి నోట 'బాగానే' అను మాటను పలికించునది సుఖమొకటే కాదు. కొంత భయము, కొంత కృతజ్ఞత, బిడ్డ మనసు నొచ్చుకొనరాదను ప్రేమ కొంత. ఏది ఎంతయో ఆయనకే తెలియదు.

వైద్యసేవ మంచిచెడులను నిర్ణయించుటను గూర్చి అవేడిస్ డోనబేడియన్ 1966లో వ్రాసిన వ్యాసము ప్రసిద్ధము. కట్టడము, సిబ్బంది, సాధనములు ఒక వంతు. సేవ జరుగు తీరు ఒక వంతు. దాని ఫలితము మరొక వంతు అని ఆయన విభజించెను. చూడవచ్చినవారి దృష్టి మొదటి వంతుపైననే నిలుచుట సహజము. పంఖాలను, మంచములను, మరుగుదొడ్లను లెక్కింపవచ్చును గదా! స్థావరమునకు చేటు కలదనియు జంగమమునకు లేదనియు బసవేశ్వరుడు చేసిన బోధ వీరశైవులకు క్రొత్త కాదు. గోడలను లెక్కించి మనిషిని విడిచినచో ఆ బోధ తలక్రిందైనట్లే.

ఇంగ్లండు, వేల్సులలో 173 ఆశ్రమములను పరిశీలించి పీటర్ టౌన్సెండ్ 1962లో 'ద లాస్ట్ రెఫ్యూజ్' అను గ్రంథమును ప్రకటించెను. కూడు, గుడ్డ ఉండియు అక్కడి వృద్ధులు తమ పనిని, ఏకాంతమును, స్వేచ్ఛను పోగొట్టుకొని ఒంటరులగుట ఆయన చూచెను. ఇందు పనిని పోగొట్టుకొనుట కాయకమును నమ్మినవారు ప్రత్యేకించి ఆలోచింపదగినది. కండెలు చుట్టగల చేతిని "కూర్చుని తిను పెద్దాయనా" అని ఊరక ఉంచుట దయయేనా?

ఒక ఆశ్రమమున ఉదయము ఏడింటికి ఇడ్లీ పెట్టవలెనని నియమ మున్నదనుకొనుడు. స్నానము చేయించు మనిషి ఎనిమిదింటికి వచ్చును. పక్షవాతముచే కుడిచేయి పడిపోయిన లింగధారి ఒకడు ఇష్టలింగ పూజ ముగియనిదే నోట ముద్ద పెట్టడు. విభూతి పెట్టుటకు, పత్రి అందించుటకు ఆయనకు మరొకరి చేయి కావలెను. ఇడ్లీ చల్లారును, ప్లేటు ఎత్తివేయుదురు. పుస్తకమున మాత్రము ఉపాహారము వేళకు అందినట్లే ఉండును. లెక్క తప్పు కాదు, సేవయే తప్పు. పూజకు సాయపడువారు లింగధారులే కావలెనని పట్టుపట్టు కుటుంబములు కలవు. ఆ చర్చ ఇక్కడ అనవసరము. స్నానమును గంట ముందుకు జరుపుటకు ఏ శాస్త్రమును అడ్డురాదు. ఆ గదిలోనే ముస్లిము వృద్ధురాలున్నచో ఆమె నమాజునకును ఇదే న్యాయము.

మంగళగిరి పానకాల స్వామి ఎంత పోసినను సగమే గైకొని తక్కినది ప్రసాదముగా విడుచునని జనుల విశ్వాసము. దేవునికి పోసినదానిలో మిగిలినది ఎంతయో అక్కడ అందరును చూతురు. ఆశ్రమమున వృద్ధుని కంచమున మిగిలినది ఎవరు చూతురు? ఎందుకు మిగిలెనని ఎవరు అడుగుదురు? పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి శివునికి తల్లి లేదని జాలిపడి, తానే తల్లియై బిడ్డవలె సాకెను. బిడ్డకు జబ్బు చేసెనని ఆమెకు ఎవరును చెప్పలేదు. నోరు విప్పి చెప్పలేనివాని బాధను కనిపెట్టిన ఆ చూపును ఏ పట్టికలో వ్రాయుదురు?

ఇంత చూపును కూలికి వచ్చిన ఆయమ్మనుండి కోరుట అన్యాయమని కొందరందురు. అందు నిజము కలదు. రాత్రి పాతికమందికి ఒక్కతెను కాపుంచి, తెల్లవారి పక్క తడిసెనని ఆమెనే నిందించుట ధర్మము కాదు. నింద ఆ ఏర్పాటు చేసినవారికి చెందవలెను. మఠము నడుపు ఆశ్రమమును పరాయివారు పరీక్షించుట అపచారమను మాట మాత్రము నిలువదు. లింగమునకు, జంగమమునకు చేసితినను తలపే సేవను చెరచునని బసవేశ్వరుడు హెచ్చరించెను. దాసోహమున ఇచ్చువాడు దాసుడు, పుచ్చుకొనువాడు జంగముడు. లెక్క అడుగు హక్కు జంగమునిది. ఆయన అడుగలేని స్థితిలో నున్నచో ఆయన పక్షమున మరొకరు అడుగవలెను.

అడుగువారు శివరాత్రినాడు పండ్లతో పోయిన ఏమియు తెలియదు. ఏదో ఒక మామూలు దినమున, వాన పడుచుండగా, దీపాలు పెట్టిన పిదప చెప్పకుండ పోవలెను. వృద్ధుని మంచముపై కూర్చుండి, అక్కడినుండి చేయి చాచిన నీళ్లచెంబు అందునో లేదో చూడవలెను. పిలిచినచో ఎంతసేపటికి పలుకుదురో వినవలెను. అన్నము వచ్చినపుడు ఆ పెద్దాయన "నాకు ఇప్పుడు వద్దు" అనినచో వడ్డించువారి ముఖము ఎట్లు మారునో గమనింపవలెను. ఆయన ఆ మాట అనుటకు ముందు ఒక్క క్షణము తలుపువైపు చూచెనేమో, అదియును.