చెయ్యి చాపడం తప్పా?

సంక్రాంతికి గుడిలో అన్నదానం పంక్తిలో మనమందరం పళ్ళెం పట్టుకుని నిలబడతాం. డాక్టరైనా, గ్యాస్ స్టేషన్లో రాత్రి షిఫ్టు చేసే తమ్ముడైనా, వడ్డించేవారు జీతమెంతని అడగరు. ఇంకొంచెం పులిహోర వెయ్యమనడానికి ఎవరికీ సిగ్గుండదు. అదే ఫుడ్ స్టాంపుల మాట (2008 నుంచి దాని పేరు స్నాప్) ఎత్తితే మాత్రం "ఛ, మనవాళ్ళం అలాంటివి తీసుకుంటామా?" అంటాం.

ఈ మాట ఖరీదెంతో మేము వైద్యులుగా దగ్గరనుంచి చూశాం. మనవారే ఒకాయన, ఉద్యోగంతోపాటు ఇన్సూరెన్సూ పోయాక, ఇన్సులిన్ సగం సగం వేసుకుంటూ గడిపి చివరికి ఎమర్జెన్సీలో చేరారు. వచ్చిన బిల్లును క్రెడిట్ కార్డు మీద కట్టడం మొదలుపెట్టారు. లాభాపేక్ష లేని ఆసుపత్రులు ఆర్థిక సహాయ విధానం రాసి ఉంచాలని 2010 నాటి ఆరోగ్య చట్టం చెబుతోంది. డిశ్చార్జి అయ్యాక వచ్చే మొదటి బిల్లు నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ సంగతి చెబితే, "నలుగురికీ తెలిస్తే ఎలాగండీ డాక్టరుగారూ?" అన్నారు. ఆ నెలలోనే హుండీలో 101 డాలర్లు వేశారట! స్వామి సంతోషించి ఉంటాడా అని మాకిప్పటికీ సందేహమే.

హరిదాసు వాకిట్లోకి వస్తే బియ్యం పోసి దండం పెట్టిన వాళ్ళం. పుచ్చుకునేవారిని చిన్నచూపు చూడమని మన పెద్దలు నేర్పలేదు. పైగా ఈయన పదిహేనేళ్ళు పన్ను కట్టిన మనిషి.

అయితే అవసరం లేకుండా పుచ్చుకోవడం వేరు. తల్లిదండ్రులను గ్రీన్ కార్డు మీద పిలిపించేటప్పుడు వారి పోషణ మాదే అని అఫిడవిట్ మీద సంతకం చేస్తాం. పెద్ద ఇల్లు కట్టుకుని, అమ్మ పేరిట ఏమైనా వస్తుందా అని మమ్మల్ని అడిగినవారూ ఉన్నారు. వారికి మా దగ్గర జవాబు లేదు, సంతకం సంతకమే.

భయం సంగతి కొంత నిజమే. సహాయం తీసుకుంటే గ్రీన్ కార్డుకు అడ్డమవుతుందా అన్న నిబంధన 2019లో మారింది, 2021లో ఆ మార్పు పోయింది, 2022లో మళ్ళీ రాశారు. కనుక గ్రీన్ కార్డు ఇంకా రానివారు ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును అడగడం మంచిది. గ్రీన్ కార్డు ఉన్న పెద్దలకు స్నాప్ కోసం సాధారణంగా అయిదేళ్ళు ఆగాలి, పద్దెనిమిది లోపు పిల్లలకు ఆ గడువు లేదు. పిల్లల కంచం దగ్గర కూడా పరువు చూసుకునే ఇళ్ళున్నాయి, అదే మా బాధ.

ఆయన విషయం చెప్పలేదు కదూ? అయిదో నెలలో మేమే పక్కన కూర్చుని ఫారం నింపించాం. పే స్టబ్బులు, ట్యాక్సు రిటర్ను జత చేశాం. ఆరు వారాలకు ఉత్తరం వచ్చింది, బిల్లులో చాలా భాగం మాఫీ. అప్పటిదాకా కార్డుకు కట్టిన వడ్డీ మాత్రం తిరిగి రాలేదు.