శిఖరము మీది పందెము

(ధ్యానభాగము: మత్తయి 4:5-7, లూకా 13:1-5)



అమెరికా దేశపు విమాన ప్రదర్శనలలో ఒక వింత పందెము కలదు. లారీకి జెట్ ఇంజిన్లు బిగించి, పైన ఎగురు విమానములతో పరుగు పెట్టింతురు. అది గంటకు 300 మైళ్లు మించి పోవును. 2022 జూలై 2న మిషిగన్ రాష్ట్రములో విమానములతో పందెము సాగుచుండగా అట్టి లారీ మంటలపాలై, నడుపువాడు మరణించెను. ఇది దూరదేశపు మాట అనుకొనకుడి. 2010 మార్చి 3న మన హైదరాబాదు బేగంపేట ప్రదర్శనలో విన్యాసములు చేయుచున్న నౌకాదళ విమానము బోయినపల్లి ఇండ్ల నడుమ కూలి, ఇద్దరు వైమానికులు చనిపోయిరి.

వీరు ఇతరులకంటె పాపులా? సిలోయము గోపురము కూలినప్పుడు ప్రభువు అట్టి తీర్పును ఒప్పుకొనలేదు. అయితే ప్రాణమును అపాయమునకు ఒప్పగించుట ఎప్పుడు తగును? బావి త్రవ్వువాడు బిడ్డల కూటికై దిగును. బావిలో పడినవానిని తీయువాడు ప్రేమచేత దిగును. జనము కూడు దేవాలయ శిఖరమునుండి ఊరక దూకుమన్నవాడు శోధకుడు. దేవుని పరీక్షింపరాదని ప్రభువు దూకలేదు.

జాతరలో చెక్కబావి గోడమీద మోటారు సైకిలు నడుపువానిని చూచుటకు మనమును రొక్కమిచ్చితిమి గదా! అతడు చేతులు విడిచినప్పుడు మరింత కేకలు వేసితిమి. అతడును కూటికే నడుపును. ఆ కూటికి అపాయమును వెలగా పెట్టినవి మన కేకలే. కావున ఈ ప్రశ్న వానికంటె ముందు మనకే.

మన మామునూరు విమానాశ్రయమును మరల తెరచుటకు 2025లో అనుమతి కలిగినది. విమానములను సంతోషముగా చూతము. పొరుగువాని ప్రాణము మనకు వినోదము కాకుండునట్లు ప్రభువు మన కన్నులను కాచును గాక. ఆమేన్.